మందు మానిన తరువాత నా ఒంట్లో జరిగినవి

డిప్రెషన్‌కు వాడే మాత్రలు ఆపేసిన తరువాత కొందరికి కళ్లు తిరగడం, తలలో కరెంటు పాకినట్టు ఉండడం, వికారం, చెమటలు, తిమ్మిర్లు వంటి శారీరక బాధలు వస్తాయి. అవి చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోయినా, కొందరికి నెలల తరబడి, కొద్దిమందికి అంతకంటే ఎక్కువ కాలం నిలిచి ఉంటాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి నేను అప్పటికే చాలా కాలం బాధపడి ఉన్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ మాత్రలు వాడుతున్నవారు నా పరిచయస్తుల్లోనే ఎందరో ఉన్నారు. మొదలుపెట్టేటప్పుడు డాక్టరు నాలుగు మాటలు చెబుతారు గానీ, మానేటప్పుడు ఏం జరగవచ్చునో తెలుగులో విడమరచి చెప్పినవారు నాకు తారసపడలేదు. అందుకే నాకు జరిగినది జరిగినట్టు, చెప్పడానికి ఇబ్బందిగా ఉండే విషయాలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. పుట్టింది మర్రిగూడ మండలంలో, మెట్టినిల్లు దేవరకొండ వైపు, పిల్లల చదువుల కోసం కాపురం నల్లగొండ పట్టణంలో. అమ్మ పోయిన మరుసటి ఏడు, 2018లో, నాకు డిప్రెషన్ వచ్చింది. ఆ రోజుల గురించి ఎక్కువగా రాయను. తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె దడదడలాడడం, ముద్ద గొంతు దిగకపోవడం, తరగతిలో బోర్డు వైపు తిరిగి ఏం రాయాలో తోచక అలాగే నిలబడిపోవడం, ఇంతవరకు చెబితే అనుభవించినవారికి మిగతాది అర్థమవుతుంది. పట్టణంలోని ఒక మానసిక వైద్యుడు ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాశారు. మొదట 5 మిల్లీగ్రాములు, తరువాత 10. నెలన్నర తిరిగేసరికి నిద్ర కుదిరింది, ఆకలి తెలిసింది, పిల్లల ముందు మళ్లీ నా గొంతు నాకు వినిపించింది. ఆ మందు నన్ను నిలబెట్టిందనడంలో నాకు ఈనాటికీ సందేహం లేదు. ఇది చదివి ఎవరూ మందు మొదలుపెట్టడానికి జంకకూడదని, ఎవరూ తమంత తాముగా ఆపేయకూడదని ముందే చెబుతున్నాను.

నాలుగేళ్లు గడిచాక, 2022 ఏప్రిల్‌లో, డాక్టరుగారే ఇక మందు అవసరం లేదన్నారు. రెండు వారాలు 5 మిల్లీగ్రాములు వేసుకుని ఆ తరువాత ఆపేయమన్నారు. నేను చెప్పింది చెప్పినట్టే చేశాను. వేసవి సెలవులు కాబట్టి విశ్రాంతి కూడా ఉంటుందని సంతోషించాను. చివరి మాత్ర వేసుకున్న వారం లోపే ఒక సాయంత్రం వంటింట్లో పక్కకు చూడగానే తల లోపల ఒక్క క్షణం ఏదో కొట్టినట్టయింది. తడిచేత్తో బోరు మోటారు స్టార్టరు ముట్టుకున్నప్పుడు చేతికి తగిలే జర్రుమన్న ఆ దెబ్బ మెదడుకు తగిలితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నొప్పి లేదు. కానీ ఆ క్షణంలో లోకం తెగిపోయి మళ్లీ అతుక్కున్నట్టనిపించింది. ఆ తరువాత అది కళ్లు పక్కకు తిప్పిన ప్రతిసారీ వచ్చేది. మెడ తిప్పకుండా కళ్లు మాత్రమే తిప్పినా వచ్చేది. ఇదే లక్షణాన్ని ప్రపంచమంతటా ఈ మందులు మానినవారు ఇంచుమించు ఇవే మాటలతో చెప్పారని నేను తరువాత చదివాను. ఆ రోజు మాత్రం పక్షవాతం వస్తోందేమోనని చెయ్యీ కాలూ ఆడించి చూసుకున్నాను.

దాని వెంట మిగతావి వచ్చాయి. లేచి నిలబడితే నేల ఒక పక్కకు ఒరిగినట్టుండేది. పొద్దున వికారం, రోజుకు పలుమార్లు విరేచనాలు. రాత్రి దిండు తడిసేంత చెమట. పాదాల నుంచి పిక్కల దాకా తిమ్మిర్లు, నిద్ర పట్టబోతుండగా కాళ్లు ఒక్కసారిగా ఎగిరిపడడం. నిద్ర పట్టిందా, మెలకువ వచ్చాక కూడా వదలనంత స్పష్టమైన కలలు. అకారణంగా కన్నీళ్లు వచ్చేవి, అయితే మనసులో ఆ పాత చీకటి లేదు. నాకు పిల్లలతో మాట్లాడాలని ఉంది, వంట చేయాలని ఉంది, జూన్‌లో బడి తెరిస్తే చెప్పాల్సిన పాఠాల మీద ధ్యాస ఉంది. ఆ పనులు చేయడానికి ఒళ్లే సహకరించడం లేదు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో అప్పటికి నాకు తెలియదు. తెలిసినవారు ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ తేడాను బట్టే విషయం తేలిపోయేది.

మే నెలలో నల్లగొండలో ఎవరికి కళ్లు తిరిగినా మొదట వచ్చే మాట ఎండదెబ్బ. ఇంట్లోవాళ్లు ఓఆర్‌ఎస్ తాగించారు, మజ్జిగ తాగించారు, మధ్యాహ్నం బయటికి వెళ్లనివ్వలేదు. తగ్గకపోయేసరికి అత్తగారి ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరును పిలిచారు. ఆయన బీపీ చూసి, "గిది నరాల బలహీనత మేడమ్, బీ12 సూదులు ఏసుకుంటే సక్కగైతది" అన్నారు. ఆ సూదులు వేసుకున్నాను. ఆ తరువాత చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళితే లోపలి చెవిలో తేడా ఉందని తల తిరుగుడుకు మాత్రలు ఇచ్చారు. నరాల డాక్టరు ఎమ్మారై తీయించారు. థైరాయిడ్, షుగర్, రక్తంలో సోడియం, గుండెకు ఈసీజీ, అన్నీ చేయించాం, అన్నీ మామూలుగానే ఉన్నాయి. ప్రతిచోటా నేను ఫలానా మందు మానేశానని చెప్పాను. ప్రతిచోటా ఆ మాట విన్నారు గానీ, దాన్ని రాసుకున్నవారు లేరు. ఈ పరీక్షలు దండగ అని నేను అనను. కళ్లు తిరగడానికి, తిమ్మిర్లకు వేరే కారణాలు ఎన్నో ఉంటాయి, అవి లేవని తేలడం అవసరమే. అయితే మందు మానిన తేదీని, లక్షణం మొదలైన తేదీని పక్కపక్కన పెట్టి చూడడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

మా వైపు ఒళ్లు నొప్పులకు, తిమ్మిర్లకు ఇంకో పాత కారణం సిద్ధంగా ఉంటుంది. అది నీళ్లు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాల నడుములు వంచిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ దానికి ఎన్నో రెట్లు ఉన్న బావుల పక్కనే మా బాల్యం గడిచింది. నా ముందరి పళ్ల మీద ఆ గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే కాళ్లు గుంజుతున్నాయనగానే పెదనాయన, "నీళ్ల రోగమే బిడ్డా, చిన్నప్పుడు తాగిన నీళ్లు యాడికి పోతయి?" అన్నారు. నాకూ అది నిజమేమో అనిపించింది. మెడ, నడుము, ముంజేయి ఎక్స్‌రేలు తీయించుకున్నాను. ఎముకల ఫ్లోరోసిస్‌లో కీళ్లు, వెన్ను ఏళ్ల మీద బిగుసుకుపోతూ వస్తాయి, ఎముకల మధ్య పొరల్లోనూ కండరాలు అతికే చోట్లలోనూ సున్నం పేరుకోవడం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నాకు అటువంటిదేమీ లేదు. ఒక్క వారంలో మొదలై, రోజులో ఒకపూట ఎక్కువగా ఇంకొకపూట తక్కువగా ఉండే తిమ్మిరి ఫ్లోరోసిస్ తీరు కాదు. బడిలో పిల్లలకు ఫ్లోరోసిస్ పాఠం ఏటా చెప్పే నేను ఈ మాత్రం ఆలోచించడానికి కొన్ని వారాలు పట్టిందంటే, భయంలో ఉన్న మనిషి బుద్ధి ఎట్లా పనిచేస్తుందో గ్రహించవచ్చు.

ఆగస్టులో, బడికి సెలవు మీద సెలవు పెడుతున్న స్థితిలో, మొదటి మానసిక వైద్యుడి దగ్గరికే తిరిగి వెళ్లాను. ఆయన, "డిప్రెషన్ మళ్లీ వచ్చింది, ఈసారి ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడాలి" అన్నారు. నాకు మనసు బాగానే ఉందని, తలలో ఈ కరెంటు 2018లో ఒక్కనాడు కూడా రాలేదని చెప్పాను. ఆందోళన వల్ల అట్లా అనిపిస్తుందన్నారు. ఆ సమాధానంతో నేను తృప్తిపడలేకపోయాను. కడుపులో పడేది ఏదైనా శరీరాన్ని మారుస్తుందని, తీసేస్తే శరీరం మళ్లీ మారాల్సి ఉంటుందని రోజూ చెప్పే వృత్తి నాది. చదవడం మొదలుపెట్టాను, హైదరాబాదులో మరొక మానసిక వైద్యురాలి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆమె నా మాట వింటూ మూడు సంగతులు మాత్రమే అడిగారు. మందు ఆపిన ఎన్నాళ్లకు మొదలైంది, ఇటువంటివి జబ్బు మొదలైనప్పుడు ఉన్నాయా, మధ్యలో ఎప్పుడైనా ఆ మాత్ర ఒకటి వేసుకుంటే తగ్గిందా. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాల మీద, నెలల మీద నెమ్మదిగా వస్తుంది, పాత జబ్బు ముఖంతోనే వస్తుంది. మందు మానడం వల్ల వచ్చేవి రోజుల్లోనే మొదలవుతాయి, మునుపెన్నడూ లేని శారీరక లక్షణాలు వాటిలో ఉంటాయి, తొలినాళ్లలో మందు మళ్లీ మొదలుపెడితే చాలావరకు త్వరగా తగ్గుముఖం పడతాయి. రెండూ కలిసి వచ్చేవారు కూడా ఉంటారని, అందుకే ఎవరికి వారు తేల్చుకోకుండా వైద్యులతో మాట్లాడాలని ఆమె అన్నారు. నాకు సంబంధించినంతవరకు ఆమెకు అనుమానం లేదు. ఆ రోజు నాకు కలిగిన ఊరటను ఏ మందుతోనూ పోల్చలేను.

ఆమె వివరించినదాన్ని నా పాఠం భాషలో ఇక్కడ పెడతాను. నాడీకణాల మధ్య సందేశాలు మోసే రసాయనాల్లో సెరొటోనిన్ ఒకటి. ఒక కణం దాన్ని విడుదల చేశాక, మిగిలినదాన్ని తిరిగి లోపలికి లాగే ద్వారాలు ఆ కణం మీద ఉంటాయి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు ఆ ద్వారాలను మూస్తాయి. దానితో కణాల మధ్య సెరొటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. నెలలు, సంవత్సరాలు ఇట్లా గడిచేసరికి ఆ ఎక్కువకు తగ్గట్టు నాడీకణాలు తమ గ్రాహకాల, అంటే ఆ సందేశాన్ని అందుకునే భాగాల, సంఖ్యనూ సున్నితత్వాన్నీ సవరించుకుంటాయి. మందు ఆగిపోగానే ద్వారాలు తెరుచుకుంటాయి గానీ, సవరించుకున్న కణాలు అంత తొందరగా పాత స్థితికి రావు. ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి ఇంచుమించు 30 గంటలు పడుతుంది, వారం తిరిగేసరికి ఒంట్లో దాని జాడ దాదాపు ఉండదు. మందు పోయింది కదా, ఇంకా బాధేమిటని అడిగేవారికి సమాధానం ఇదే. బాధ మందు వల్ల కాదు, మందు లేని స్థితికి శరీరం ఇంకా అలవాటు పడకపోవడం వల్ల. ఇక సెరొటోనిన్ తలలోనే ఉండదు. శరీరంలోని సెరొటోనిన్‌లో నూటికి 90 వంతుల దాకా పేగుల్లోనే తయారవుతుంది. వికారం, విరేచనాలు ఎందుకో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. ఈ వర్గానికంటే పాతదైన ఇమిప్రమిన్ అనే మందు 1950ల చివర వాడుకలోకి వచ్చిన కొద్ది కాలానికే, ఆపితే ఇబ్బందులు వస్తాయని వైద్యులు రాశారు. ఒంట్లోంచి త్వరగా పోయే పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివాటితో ఈ బాధ ఎక్కువ, చాలా నెమ్మదిగా పోయే ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ. అయినా చాలా కాలం పుస్తకాల్లో ఇవి స్వల్పంగా ఉండి వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయని రాసుకొచ్చారు. 2019లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ తన వైఖరి మార్చుకుని, కొందరికి ఇవి తీవ్రంగా, దీర్ఘంగా ఉంటాయని ఒప్పుకుంది. అక్కడి వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ కూడా అదే సంవత్సరం తన మాటను సవరించింది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి రెండో వైపు అంకెలు కూడా చెప్పాలి. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, మందు మానినవారిలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించిందని, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మానినవారిలోనూ 17 శాతం మందికి అట్లాగే కనిపించిందని లెక్క తేల్చింది. తీవ్రంగా బాధపడినవారు నూటికి ముగ్గురికి దగ్గర. అందులోని అధ్యయనాలు చాలావరకు తక్కువ కాలం వాడినవారివని, ఏళ్ల తరబడి వాడినవారికి ఈ లెక్క సరిపోదని అన్నవారూ ఉన్నారు. నా మటుకు నాకు ఆ ముగ్గురిలో ఒకరినని తెలిశాక ఈ వాదం కంటే, ఆ ముగ్గురినీ నమ్మడం ముఖ్యమని తోచింది.

హైదరాబాదు డాక్టరుగారు నాకు 5 మిల్లీగ్రాముల మాత్ర తిరిగి మొదలుపెట్టారు. ఇట్లా మొదలుపెట్టడం అందరికీ పనిచేయదని, ఆలస్యమైన కొద్దీ ఫలితం తక్కువని, కొందరికి వికటించవచ్చునని కూడా చెప్పారు. నాకు వారం పది రోజుల్లో తలలోని దెబ్బలు పలచబడ్డాయి, నేల నిలకడగా నిలిచింది. పూర్తిగా పోలేదు. అక్కడి నుంచి ఏడాదికి పైగా సాగిన తగ్గింపులో నేను నేర్చుకున్నది ఒకటే లెక్క, అదే ఈ వ్యాసంలో అందరికీ ఉపయోగపడేది. ఈ మందు మోతాదుకూ అది మూసే ద్వారాలకూ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. 10 మిల్లీగ్రాముల దగ్గర నూటికి 80 పరిసరాల్లో ద్వారాలు మూసి ఉంటాయి. 5కు తగ్గిస్తే ఆ 80 సగమైపోదు, 70 చుట్టుపక్కలకు వస్తుంది. అంటే 5 నుంచి సున్నాకు దిగడమంటే ఆ 70ని ఒక్క రాత్రిలో తీసేయడమే. మొదటి సగం చాలామందికి తేలికగా ఉండి, చివరి సగం దగ్గరే పడిపోవడానికి కారణం ఇది. 2019లో లండన్‌కు చెందిన మార్క్ హొరొవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు ఈ వక్రరేఖను చూపించి, మోతాదు చిన్నదైన కొద్దీ తగ్గించే మెట్టు కూడా చిన్నది కావాలని రాశారు. చివరికి మిల్లీగ్రాములో భాగాల దాకా దిగాలన్నది వారి మాట.

ఆ మెట్లు దిగడానికి మన దగ్గర సౌకర్యం తక్కువ. బ్రిటన్‌లో ఇదే మందు చుక్కల రూపంలో దొరుకుతుంది, చుక్కలు లెక్కపెట్టి తగ్గించుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గే మోతాదులను చిన్న పొట్లాలుగా వరుస కట్టి ఇస్తారు. నాకు నల్లగొండ మెడికల్ షాపుల్లో దొరికిన అతి చిన్నది 5 మిల్లీగ్రాముల మాత్రే. దాన్ని మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బాతో సగం, పావు చేసుకున్నాను. ముక్కలు ఎప్పుడూ సమానంగా రావు, కొన్ని పొడి అయిపోతాయి. ఒక మాత్ర నుంచి వచ్చిన ముక్కలన్నీ వరుస రోజుల్లో వాడితే ఆ హెచ్చుతగ్గులు కొంత సర్దుకుంటాయి. అన్ని మాత్రలనూ ఇట్లా కోయకూడదు, నెమ్మదిగా కరిగేలా చేసిన క్యాప్సూళ్లు, పూత మాత్రలు ఉంటాయి, వాటి సంగతి డాక్టరును అడగాలి. షాపులో ఒకతను రోజు విడిచి రోజు వేసుకోమని సలహా ఇచ్చాడు. చాలామంది ఇచ్చే సలహా ఇది, కానీ ఈ మందుకు అది పనికిరాదు. 48 గంటల వ్యవధిలో రక్తంలోని మందు మూడో వంతుకు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. అంటే మానడం వల్ల వచ్చే బాధనే ప్రతి రెండు రోజులకూ కొత్తగా తెచ్చుకోవడం. ప్రతిరోజూ ఒకే వేళకు, తక్కువ మోతాదులో వేసుకోవడమే మేలు. నేను ఒక మెట్టు దిగాక ఒళ్లు సర్దుకునేదాకా అక్కడే ఆగేదాన్ని. ఎంతకాలం ఆగాలన్నది క్యాలెండరు చెప్పలేదు, ఒళ్లు చెప్పింది. దసరా, సంక్రాంతి, పది పరీక్షల పేపర్ల దిద్దుడు వంటి ఒత్తిడి రోజుల్లో తగ్గింపు జోలికి వెళ్లలేదు.

చివరి పావు ముక్క కంటికి ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా ఉండేది. లెక్క ప్రకారం అది కూడా మూడో వంతుకు పైగా ద్వారాలను మూస్తుంది. దాన్ని ఆపినప్పుడు తలలోని దెబ్బలు మళ్లీ వచ్చాయి, అయితే మునుపటంత బలంగా కాదు, కొద్ది వారాలకే సన్నగిల్లాయి. 2023 చివరికి మందు పూర్తిగా పోయింది.

ఈ కాలమంతా ఇంట్లో మాటలు ఎట్లా ఉండేవో కూడా చెప్పాలి. అత్తమ్మ నా మేలు కోరే మనిషి. "గోలీలకు అలవాటైనవు బిడ్డా, అందుకే ఇడిసిపెడితే గిట్లయితుంది" అనేవారు. కల్లుకు, గుట్కాకు అలవాటు పడినవారితో నన్ను జతచేస్తున్నట్టు తోచి మొదట బాధపడ్డాను. ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. వ్యసనమంటే కావాలనే తహతహ ఉంటుంది, మోతాదు పెంచుకుంటూ పోతారు, దాని కోసం తక్కినవన్నీ వదులుకుంటారు. నాకు ఆ మాత్ర మీద అటువంటి కోరిక ఎన్నడూ లేదు. శరీరం అలవాటు పడింది, మనసు పడలేదు. కొన్ని బీపీ మాత్రలు, స్టెరాయిడ్లు కూడా ఒక్కసారి ఆపితే శరీరం తిరగబడుతుంది, వాటిని ఎవరూ వ్యసనమనరు. ఆమె స్వయంగా బీపీ మాత్ర వేసుకుంటారు కనుక అర్థమైంది. ఆ తరువాత నా మాత్ర వేళ తప్పితే గుర్తుచేసినది ఆమే. మా ఆయన ఇంకొక పని చేశారు. నేను స్కూటీ నడపడం మానేశాక, కూడలి దగ్గర పక్కకు చూస్తే తల తిరిగేది కాబట్టి, పొద్దున నన్ను బస్సు దాకా దింపి డ్యూటీకి వెళ్లేవారు. ఒక్కనాడూ ఇంకా ఎన్నాళ్లని అడగలేదు.

ఇప్పుడు ఏం మిగిలిందంటే, కళ్లు తిరగడం పోయింది. తలలో కరెంటు నిద్ర చాలని మరునాడు ఎప్పుడైనా ఒకసారి మెరిసి పోతుంది. పాదాల తిమ్మిరి తగ్గింది, పోలేదు. ఎడమ చెవిలో సన్నని మోత మందు మానిన తొలి వేసవిలో మొదలైనది, నేటికీ ఉంది. ఎండాకాలం చెమటలు మునుపటికంటే ఎక్కువ. ఇంకొకటి, దీన్ని రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మందు వాడేటప్పుడు దాంపత్యంలో కోరిక, స్పర్శ తగ్గడం ఈ మాత్రలతో తెలిసిన సంగతే. మందు ఆపాక తిరిగి వస్తుందంటారు. నాకు కోరిక చాలావరకు వచ్చింది, స్పర్శ పూర్తిగా రాలేదు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లోనే, ఈ వర్గం మందులు ఆపిన తరువాత కూడా లైంగిక సమస్యలు కొందరిలో కొనసాగవచ్చునని మందు కాగితాల్లో రాయమని కోరింది. మన ఆడవాళ్లలో ఇది ఎవరికి ఉన్నా డాక్టరుకు చెప్పరు, భర్తకూ చెప్పరు, తమలోనే ఏదో లోపమని కుమిలిపోతారు. అది లోపం కాదు, మందు వల్ల వచ్చిన మార్పు కావచ్చును. చెబితేనే అది కేస్ షీటు మీదికి ఎక్కుతుంది.

మందు ఆపాలనుకుంటున్నవారికి నా వైపు నుంచి కొన్ని మాటలు. ఆపే నిర్ణయం, వేగం రెండూ వైద్యులతో కలిసి తీసుకోండి, రెండు వారాల్లో ఆపమంటే నెమ్మదిగా ఆపే వీలుందా అని అడగండి. తేదీ, మోతాదు, ఆనాటి లక్షణం ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట దాన్నే చూపించండి. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, కాలుచెయ్యి పడిపోయినా, మాట తడబడినా, స్పృహ తప్పినా ఇది మందు మానడం వల్లే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రాత్రివేళ ఎవరితో మాట్లాడాలో తోచనప్పుడు ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

నేను ఇంకొక పని కూడా చేశాను. మందుల వల్ల కలిగే చెడు ప్రభావాలను నమోదు చేయడానికి మన దేశంలో 2010 నుంచి ఒక జాతీయ కార్యక్రమం నడుస్తోంది, దాని కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. డాక్టర్లే కాదు, మందు వాడినవారు కూడా అక్కడికి రాయవచ్చు, అందుకు తెలుగులో కూడా ఫారం ఉంది, 1800-180-3024 అనే ఉచిత నంబరు కూడా ఉంది. ఆ ఫారంలో మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, లక్షణం మొదలైన తేదీ, ఇప్పటికీ ఉన్నదీ లేనిదీ అడుగుతారు. నోటుబుక్కు ఎదురుగా పెట్టుకుని అన్నీ నింపాను. చెవిలో మోత, తిమ్మిరి, స్పర్శ తగ్గడం, ఈ మూడింటి ఎదుట ఇంకా కొనసాగుతున్నదని రాసి పంపాను.